గింజ మారినా మారని పేరు

అమెరికాలో ఇళ్ళ పెరటి పచ్చికలపైనా, ఫుట్‌బాల్ పోటీల రోజున కార్లు నిలిపే మైదానాలలోనూ ఆడే ఆట ఒకటున్నది. పేరు కార్న్‌హోల్; మన మాటలో మొక్కజొన్నల కన్నం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ఏటవాలు బల్ల, దాని పైభాగాన ఆరంగుళాల గుండ్రని కన్నం. అటువంటి బల్లలు రెండు, 27 అడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉంటాయి. అరకిలోకు కాస్త తక్కువ బరువుండే గుడ్డసంచిని విసరాలి. కన్నంలో పడితే మూడు, బల్లపై నిలిస్తే ఒకటి. ఆట 21కి.

దీని పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. 14వ శతాబ్దపు జర్మనీలో ఒక వడ్రంగి, పిల్లలు బొరియలోకి రాళ్ళు విసరడం చూచి దీనిని కల్పించాడట. కథకు మొక్కజొన్నే అడ్డుపడుతున్నది. అది అమెరికా ఖండపు పంట. 1492లో కొలంబస్ సముద్రయానానికి ముందు యూరపులో ఆ గింజ లేనే లేదు.

కాగితంపై నిలిచిన ఆధారం వేరు. 1883లో హైలిగర్ డి విండ్ట్ అనే అమెరికన్, ఏటవాలు బల్లలోని కన్నంలోకి సంచులు విసిరే ఆటకు పేటెంటు పొందాడు. అతని కన్నం చతురస్రం. ఇనుప వలయాలను మేకుకు విసిరే క్వాయిట్స్ ఆటను తలచి, దానికి 'పార్లర్ క్వాయిట్స్' అని పేరు పెట్టాడు. హక్కులు కొన్న మసాచుసెట్స్ బొమ్మల తయారీదారు దానిని 'ఫాబా బాగా'గా అమ్మాడు. లాటిన్‌లో ఫాబా అంటే చిక్కుడుజాతి గింజ.

ఆ రెండు పేర్లూ మరుగునపడ్డాయి. 20వ శతాబ్దం చివర ఒహాయోలోని సిన్సినాటి పరిసరాలలో పాతుకొన్న పేరే దేశమంతటా వ్యాపించింది. షికాగో వైపు 'బ్యాగ్స్' అనేవారున్నారు. కార్న్‌హోల్ అనే మాటకు ఇంగ్లీషులో ఒక మోటు అర్థమూ ఉన్నది. అయినా 2015లో ఏర్పడిన వృత్తి క్రీడాకారుల లీగు సైతం ఆ పేరునే పెట్టుకొన్నది.

విచిత్రమేమంటే, ఇప్పుడు పోటీలలో వాడే సంచులలో మొక్కజొన్నే లేదు. ఆ గింజ నలిగి పిండి అవుతుంది, తడిస్తే పాడవుతుంది, పురుగు పడుతుంది. అందుచేత ప్లాస్టిక్ పూసలు వచ్చాయి. పేరులో మాత్రం గింజ మిగిలింది.

ఇందులో మనం నవ్వవలసినది లేదు. నువ్వుల నెయ్యి మన నోట నూనె అయినది. ఆపైన కొబ్బరినూనె అన్నాము, వేరుశనగనూనె అన్నాము, చివరకు 'నువ్వులనూనె' అని కూడా అన్నాము. పేరు పెట్టినవాడు దానికి యజమాని కాడు, పలికేవారే యజమానులు. డి విండ్ట్‌కు పేటెంటు దక్కింది గాని, ఆటకు పేరుపెట్టే హక్కు దక్కలేదు. వస్తువు పోయినా దాని గుర్తును మోస్తున్న మాటలు మన భాషలో ఇంకెన్ని ఉన్నవో చదువరులు వెదకి చూడగలరు.