బూట్లు ‘వేసుకున్నారు’ అంటే ఇంగ్లీషులో ఏమనాలి?

1873. ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరి. పొన్నుతంబి పిళ్లై అనే న్యాయవాది యూరోపియన్ తరహా బూట్లు, మేజోళ్లతో కోర్టు హాల్లో అడుగుపెట్టారు. భారతీయుడు అలా రావడానికి వీల్లేదని న్యాయమూర్తి అడ్డుకున్నారు. పిళ్లై ఊరుకోలేదు. పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచారు. తర్వాత, 1881 నాటి డిక్రీ కింద తన సంప్రదాయ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుని ‘లాపోర్త్’ అన్న ఇంటిపేరు తీసుకున్నారు. ఫ్రెంచిలో ఆ మాటకు తలుపు అని అర్థం.

ఈ కథను ఇంగ్లీషులో చెప్పబోతే మనం మొదటి వాక్యంలోనే తడబడతాం. ‘పిళ్లై బూట్లు వేసుకున్నారు’ అంటే ఇంటి దగ్గర తొడుక్కున్నారనా, కోర్టులో ఆయన కాళ్లకు బూట్లు ఉన్నాయనా? తెలుగులో రెండింటికీ ఒకే మాట చెల్లుతుంది. ఇంగ్లీషులో తొడుక్కునే పని ‘పుట్ ఆన్’, ఒంటిమీద ఉన్న స్థితి ‘వేర్’. న్యాయమూర్తికి గిట్టనిది రెండోది. ‘హీ వజ్ పుటింగ్ ఆన్ షూస్ ఇన్ కోర్ట్’ అన్నామో, పెద్దాయన కోర్టులో కూర్చుని అప్పుడే బూట్లు తొడుక్కుంటున్నట్టు వినిపిస్తుంది. లేసులు కట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం ‘డూ అప్’. విప్పడం ‘టేక్ ఆఫ్’.

నిజానికి ఈ విషయంలో తెలుగే సంపన్నం. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం. ఇంగ్లీషువాడికి అన్నిటికీ ‘పుట్ ఆన్’ ఒక్కటే చాలు. కాకపోతే చిన్న మెలిక ఉంది. బూట్ల పేరు చెప్తే ‘పుట్ ఆన్ ద షూస్’, ‘పుట్ ద షూస్ ఆన్’ రెండూ ఒప్పే. ‘వాటిని’ అన్నప్పుడు మాత్రం ‘పుట్ దెమ్ ఆన్’ అనే అనాలి. ‘పుట్ ఆన్ దెమ్’ తప్పు.

‘డ్రెస్ అప్’ అంటే ఉత్తినే బట్టలు వేసుకోవడం కాదు. దానికి ‘గెట్ డ్రెస్‌డ్’ ఉంది. సందర్భానికి తగ్గట్టు ముస్తాబవడం ‘డ్రెస్ అప్’. పిళ్లై చేసింది అదే. మారువేషం వేయడానికీ అదే మాట వాడతారు. ‘డ్రెస్ డౌన్’ అంటే సాదాసీదా బట్టలతో రావడం. కానీ ‘ద జడ్జ్ డ్రెస్‌డ్ హిమ్ డౌన్’ అంటే బట్టల సంగతే లేదు, జడ్జి ఆయనకు గట్టిగా చీవాట్లు పెట్టారని!

ఇంటర్వ్యూకు కుట్టించిన కోటు వదులైతే దర్జీకి ‘టేక్ ఇట్ ఇన్’ అని చెప్పండి. బిగుతైతే ‘లెట్ ఇట్ అవుట్’.