స్టైపెండు ఎవరు కడుతున్నట్టు?

మొన్న మా లీడు ఓ లెక్క చెప్పాడు. "ఇద్దరు ఇంటర్న్స్‌ని ఆరు నెలలకి తీసుకుందాం. జీతం అక్కర్లేదు, సర్టిఫికెట్ ఇస్తే చాలు, పని నేర్పుతున్నాం కదా." మాది 20 మంది ఉన్న చిన్న కంపెనీ లెండి. ఈ "నేర్పుతున్నాం కదా" అనే వాదన మనవాళ్ళు కనిపెట్టింది కాదు, చాలా పాతది. ఒకప్పుడు దానికి బలైనవాణ్ణి కాబట్టి కాస్త తవ్వి చూశాను.

1563లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. ఏదైనా చేతివృత్తి చేసుకోవాలంటే ముందు ఏడేళ్ళు అప్రెంటిస్‌గా ఉండి తీరాలి. చేతికి జీతమంటూ పెద్దగా ఉండేది కాదు. కానీ తిండి, పడుకోడానికి చోటు మామూలుగా యజమానే చూసుకునేవాడు. పైగా పిల్లాణ్ణి చేర్చుకోడానికి తండ్రి దగ్గర ఎదురు సొమ్ము తీసుకోవడం కూడా ఉండేది. దాని పేరు ప్రీమియం. సర్కారువారు ఊరుకుంటారా? 1710 నుంచి దానిమీదా పన్ను వేశారు. 50 పౌండ్ల దాకా పౌండుకి ఆరు పెన్నీలు, అది దాటితే షిల్లింగు. ఆ పన్ను పుణ్యమా అని ఏ తండ్రి ఎంత కట్టాడో రికార్డులు మిగిలాయి.

ఈ ఏడేళ్ళ పద్ధతిని 1776లో ఆడమ్ స్మిత్ తన 'వెల్త్ ఆఫ్ నేషన్స్'లో ఉతికి ఆరేశాడు. అన్నేళ్ళు అనవసరమన్నాడు. కుర్రాడు చేసిన కాస్త పనికీ మొదటినుంచే డబ్బిచ్చి, పాడుచేసిన సరుకు ఖరీదు వాడిచేతే కట్టిస్తే శ్రద్ధగా నేర్చుకుంటాడని ఆయన వాదన. (ఆ రెండో షరతు మన ప్రొడక్షన్ బగ్గులకి పెడితే నా బాకీ ఈ జన్మకి తీరదు :)) ఏడేళ్ళ నిబంధన చివరికి 1814లో పోయింది.

మన దగ్గర 1961లో అప్రెంటిస్‌ల చట్టం చేశారు. అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడే అని అందులో స్పష్టంగా ఉంది. అయినా స్టైపెండు ఇచ్చి తీరాలనీ, అది చేసిన ముక్కల లెక్కన ఇవ్వకూడదనీ కూడా ఉంది. అంటే నేర్చుకునేవాడికి డబ్బెందుకన్న ప్రశ్నకి జవాబు అప్పుడే ఇచ్చేశారన్నమాట. 1973లో ఇంజనీరింగ్ పట్టభద్రుల్నీ ఇందులోకి తెచ్చారు. 2019 నిబంధనల్లో 30 మంది, ఆపైన ఉన్న సంస్థలకి అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి చేసి, 4 నుంచి 29 మంది ఉన్నవాళ్ళకి ఇష్టానికి వదిలేశారు. డిగ్రీ ఉన్నవాళ్ళకి నెలకి కనీసం 9,000 అన్నారు. 2016లో తెచ్చిన పథకంలోనైతే స్టైపెండులో పావు వంతు, 1,500 మించకుండా, కేంద్రమే భరిస్తానంది. చిన్న కంపెనీ, ఎక్కణ్ణించి తెస్తాం అనేవాళ్ళ కోసమే కదా ఇది!

చిక్కెక్కడంటే, ఇదంతా ఒప్పందం రిజిస్టర్ చేస్తేనే. ఉత్తినే 'ఇంటర్న్' అని పిలిస్తే ఈ రక్షణ ఏదీ దొరకదు.

నన్నూ అలాగే పిలిచారు. ఆరు నెలలు. నేను రాసిన రిపోర్టుల మాడ్యూలు క్లయింటుకి వెళ్ళింది, దానికి బిల్లూ వేశారు. అమీర్‌పేట హాస్టలు అద్దె మాత్రం ఊరినుంచి నాన్న పంపేవారు. ప్రీమియం గురించి చదువుతుంటే ఆయనే గుర్తొచ్చారు. 1710లో కట్టిన తండ్రికి కనీసం కొడుకు తిండి ఖర్చు తప్పేది.

ఇదంతా మా లీడుకి చెప్పాను. "బాస్‌ని అడుగుదాంలే" అన్నాడు. కుర్రాళ్ళిద్దరూ సోమవారం చేరుతున్నారు. ఆఫర్ లెటర్ డ్రాఫ్టులో స్టైపెండు దగ్గర ఇంకా ఖాళీగానే ఉంది.