నెక్కొండ పులి, అడవి బోర్డు: కుర్చీలో కూర్చున్నది ఎవరు?

ఈసారి ఎపిసోడ్ ఒక పాత ఫోటోతో మొదలుపెడదాం. 1902 ఏప్రిల్, మే నెలల్లో తీసిన ఫోటో ఇది. తీసినాయన లాలా దీన్ దయాళ్, నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్. అందులో ఉన్నది అప్పటి వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య మేరీ. వాళ్ల ముందు నేల మీద చచ్చిన పులి. ఇట్లాంటి ఫోటోలు మనం చాలానే చూసి ఉంటాం. కానీ దీనికింద రాసిన ఊరి పేరు చూడండి. నెక్కొండ, వరంగల్ జిల్లా.

తొర్రూరు వాళ్లకు నెక్కొండ ఎక్కడో చెప్పాల్సిన పని లేదు. మానుకోటలో రైలెక్కితే కేసముద్రం, ఇంటికన్నె దాటగానే వచ్చే స్టేషన్. ఆ రైలు లైను బెజవాడ దాకా 1889కే పూర్తయింది. నెక్కొండ దాటి నర్సంపేట వైపు పోతే పాకాల అడవి. అంటే మనం బైకు మీద పిక్నిక్ పోయే జాగాలో, నూట ఇరవై ఏళ్ల కింద ఇండియాను ఏలే మనిషి క్యాంపు వేసి పులిని కొట్టాడన్నమాట.

ఇప్పుడు ఆ ఫోటోలో కనిపించనివాళ్ల గురించి మాట్లాడదాం.

ఆ రోజుల్లో దొరల పులివేట అంటే ఒక్క మనిషి తుపాకీ పట్టుకొని అడవిలోకి పోవడం కాదు. అదొక పెద్ద ప్రాజెక్టు. ముందు జాడ తెలిసిన మనిషి కావాలి. అడుగులు చూసి, పులి ఏ వాగులో నీళ్లు తాగుతుందో, ఎండపూట ఏ పొదలో పడుకుంటుందో చెప్పగలిగేవాడు. తర్వాత ఎర. ఒక దున్నదూడను తీసుకుపోయి చెట్టుకు కట్టేస్తారు. రాత్రి పులి దాన్ని చంపి, తిన్నంత తిని, దగ్గర్లోనే నీడపట్టున పడుకుంటుంది. పొద్దెక్కాక దొరలు మంచె ఎక్కుతారు. అవతలి వైపు నుంచి ఊరివాళ్లు వరుసగా నిలబడి, డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ పులిని మంచె దిక్కుకు తోలుతారు. దీన్ని హాకా అనేవాళ్లు. తుపాకీ ఉన్నోడు పైన, మంచె మీద. కర్ర పట్టుకున్నోడు కింద, పులితోపాటు అదే నేల మీద. అదీగాక అది వెట్టి నడిచిన రాజ్యం. అధికారి ఊళ్లోకి వచ్చాడంటే చేతిలో పని వదిలేసి పోవాల్సిందే. ఫోటోకు మాత్రం పులి, కర్జన్, మేరీ చాలు.

ఇందులో ఒక ట్విస్ట్ ఉంది. ఇదే కర్జన్, నెక్కొండకు రెండేళ్ల ముందు, 1900లో గుజరాత్‌లోని జునాగఢ్‌కు పోయాడు. అక్కడి నవాబు గిర్ అడవిలో సింహాన్ని వేటాడటానికి పిలిస్తే, సింహాలు చాలా తక్కువ మిగిలాయని తెలిసి వెనక్కి తగ్గాడు. పైగా వాటిని కాపాడమని నవాబుకే సలహా ఇచ్చాడు. అక్కడ కాపాడిందీ ఆయనే, ఇక్కడ కాల్చిందీ ఆయనే. మనకు ఇది డబుల్ గేమ్ లాగా కనిపిస్తుంది. ఆయనకు మాత్రం ఇందులో తేడా ఏమీ కనిపించి ఉండదు. ఎందుకంటే ఆ కాలంలో 'జంతువులను కాపాడాలి' అన్న మాట ముందుగా గట్టిగా అన్నది వేటగాళ్లే. జంతువులే లేకపోతే రేపు దేన్ని వేటాడతారు మరి!

దీనికి మంచి ఉదాహరణ నీలగిరి కొండల్లో ఉంది. 1877లో అక్కడ వేటగాళ్లంతా కలిసి ఒక అసోసియేషన్ పెట్టుకున్నారు. రెండేళ్లకే, 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి జంతువులు, చేపల రక్షణకు చట్టం చేసింది. లైసెన్సు, వేట బంద్ ఉండే సీజన్, ఇట్లా పద్ధతులు వచ్చాయి. చెడ్డ విషయం కాదు, నిజంగా జంతువులకు మేలే చేసింది. కానీ దాంతోపాటే ఇంకో గీత కూడా పడింది. లైసెన్సు తీసుకొని తుపాకీతో కొడితే అది స్పోర్ట్. వలవేసి, ఉచ్చు పెట్టి కూరకోసం పట్టుకుంటే అది దొంగవేట. ఆ రూల్ రాసే టేబుల్ దగ్గర ఉచ్చు పెట్టేవాడికి కుర్చీ లేదు కాబట్టి గీత అటువైపే పడింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అడ్మిన్ యాక్సెస్ ఎవరికి ఉంటే పర్మిషన్లు వాళ్లకు అనుకూలంగానే సెట్ అవుతాయి. ఆ అసోసియేషన్ ఇప్పటికీ ఉంది. పేరులోంచి వేట పోయి పర్యావరణం వచ్చి చేరింది.

అయితే కొత్త మనిషి లోపలికి వస్తే సంస్థ దారి మారుతుందా? కచ్చితంగా మారుతుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీని చూడండి. 1883లో ఎనిమిదిమంది మొదలుపెట్టారు, వాళ్లలో ఇద్దరే భారతీయులు. సభ్యుల్లో షికారు పిచ్చి ఉన్నవాళ్లకు కొదవ లేదు. 1908 ప్రాంతంలో ఒక పిల్లాడు తన ఎయిర్ గన్‌తో కొట్టిన పిచ్చుకను పట్టుకొని ఆ ఆఫీసు మెట్లెక్కాడు. గొంతు మీద పసుపు మచ్చ ఉంది, ఇదేం పిట్టో చెప్పండి అని. సెక్రటరీ మిల్లార్డ్ తిట్టి పంపించకుండా, సొసైటీ దాచిన పిట్టల నమూనాలన్నీ తీసి చూపించాడు. ఆ పిల్లాడే సలీం అలీ.

ఆయనకూ మనకూ డైరెక్ట్ లింకు ఉంది. 1931లో నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకొని హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే చేయించింది. చేసింది సలీం అలీనే. జీతం వద్దు, క్యాంపు ఖర్చులు ఇస్తే చాలన్నాడు. భార్య తెహ్మినా కూడా వెంట తిరిగింది. పక్షుల లెక్క కోసం పక్షులను కొట్టి నమూనాలు దాచేవాళ్లు, అది వేరే సంగతి. కానీ ట్రోఫీ కోసం తుపాకీ పట్టడానికీ, తెలుసుకోవడానికి పట్టడానికీ తేడా ఉందన్న ఆలోచన మన అడవుల్లోకి ఆ సర్వేతోనే గట్టిగా వచ్చిందని నా లెక్క.

ఒక నిమిషం అమెరికాకు పోయొద్దాం. అక్కడ ఇప్పటికీ వేటగాళ్లే నడిపే వన్యప్రాణి సంస్థలు ఉన్నాయి. లాభాపేక్ష లేనివి, రిజిస్టర్ అయినవి. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వాటికి పెద్దన్న లాంటిది. 1937లో తుపాకులు, తూటాల మీద పన్ను వేసి, ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి పనులకే ఇచ్చేలా అక్కడ చట్టం చేశారు. అందుకే అక్కడ అట్లాంటి సంస్థ బోర్డులోకి కొత్త సభ్యుడు వస్తే, ఆయన చిన్నప్పటి నుంచి వేటాడుతున్నాడన్నది దాచిపెట్టే విషయం కాదు, గొప్పగా చెప్పుకునే అర్హత. మనకు వింతగా ఉంటుంది. కానీ మన దేశం కూడా చాలాకాలం అదే రూట్లో నడిచింది.

1952లో కేంద్రం వన్యప్రాణి బోర్డు వేసింది. ఇండియన్ బోర్డ్ ఫర్ వైల్డ్ లైఫ్. ఛైర్మన్ మైసూరు మహారాజు. మొదటి మీటింగ్ కూడా మైసూరులోనే. సభ్యుల్లో సలీం అలీ లాంటి శాస్త్రవేత్తలూ ఉన్నారు, పాత సంస్థానాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. సంస్థానాలు పోయాయి గానీ కుర్చీలు పోలేదు. అప్పటికి ఐదేళ్ల కిందటే, కొరియా అనే చిన్న సంస్థానం రాజు ఒకే రాత్రి మూడు చీతాలను కొట్టాడు. మన దేశంలో కొట్టిన చివరి చీతాలు అవేనంటారు. అంటే బోర్డులో కూర్చున్నవాళ్లదీ, చివరి చీతాలను కొట్టినవాళ్లదీ ఒకటే సర్కిల్. అయినా ఆ బోర్డు పని చేయలేదని అనలేం. మన పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు కూడా 1950ల మొదట్లో వచ్చినవే.

అభయారణ్యాలు ఒకవైపు వస్తుంటే, ఇంకోవైపు డాలర్లు తెచ్చే ఫారిన్ వేటగాళ్లను పులివేటకు తీసుకుపోయే కంపెనీలు నడిచాయి. నాగపూర్‌లో అల్విన్ కూపర్ అనే కంపెనీ ఆ బిజినెస్‌లో పేరున్నది. 1969లో ఢిల్లీలో ప్రపంచ పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ సభ జరిగింది, పులి గురించి అందరూ గట్టిగా మాట్లాడారు. 1970లో పులివేట బంద్. 1972 లెక్కల్లో దేశంలో తేలిన పులులు 1,827. అదే ఏడాది వన్యప్రాణి రక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్. లైసెన్సు మీద కొన్ని జంతువులను కొట్టే వీలు మిగిలింది, అది కూడా 1991 సవరణతో పోయింది. అమెరికా దారి, మన దారి అక్కడ పూర్తిగా విడిపోయాయి.

మంచె దిగిన దొరలు మీటింగ్ హాల్లో కూర్చున్నారు. మరి హాకా తోలినవాళ్లు?

వాళ్లు ఎక్కడికీ పోలేదు, అడవిలోనే ఉన్నారు. కొత్తగూడ, గంగారం మండలాల గూడేలు మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్నాయి కదా. కోయ ఊళ్లలో విత్తనాల పండుగ నాడు మగవాళ్లంతా కలిసి వేటకు పోవడం పాత ఆచారం. అభయారణ్యం బోర్డు పడ్డాక అది నేరం. 1940లో ఆసిఫాబాద్ కొండల్లో కుమ్రం భీం పోరాడింది కూడా అడవి మీద, భూమి మీద హక్కు కోసమే. ఆయన చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల సమస్య ఏంటో తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడిని పంపింది. అంటే గోండుల బాధ సర్కారుకు చేరాలంటే ఆస్ట్రియా నుంచి వచ్చిన మనిషి రిపోర్టు రాయాలి. గోండునే పిలిచి కుర్చీ వేయాలన్న ఆలోచన రాలేదు.

కరెంటు తీగలు పెట్టి జింకలను చంపేవాళ్లను నేను వెనకేసుకు రావట్లేదు. ఆ తీగకు పులీ చస్తుంది, పొద్దున పొలానికి పోయే మనిషీ చస్తాడు. కేసు పెట్టాల్సిందే. నేను అడిగేది వేరే. రూల్ రాసేటప్పుడు గూడెం మనిషి ఆ గదిలో ఉన్నాడా లేడా?

దీనికి చట్టంలో జవాబు 2002 సవరణతో వచ్చింది. ప్రతి రాష్ట్రంలో వన్యప్రాణి బోర్డు ఉండాలి. ముఖ్యమంత్రి ఛైర్మన్, అటవీ మంత్రి వైస్ ఛైర్మన్. ముగ్గురు ఎమ్మెల్యేలు లేదా ఎమ్మెల్సీలు, స్వచ్ఛంద సంస్థల నుంచి ముగ్గురు, పేరున్న పర్యావరణవేత్తలు పదిమంది. ఆ పదిమందిలో కనీసం ఇద్దరు షెడ్యూల్డ్ తెగల ప్రతినిధులు అయి ఉండాలి. ఇంకా అటవీ, పోలీసు, పశుసంవర్ధక అధికారులు, చివరికి టూరిజం కార్పొరేషన్ ఎండీ కూడా సభ్యుడే. (టూరిజం ఎండీ ఎందుకో ఎవరైనా రిసార్టు పక్కన ఉన్నవాళ్లను అడగండి.) ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. అడవిలో ఉండేవాళ్ల అవసరాలకూ, జంతువుల రక్షణకూ పొంతన కుదర్చడం కూడా ఆ బోర్డు పనుల్లో ఒకటని చట్టమే చెప్పింది.

సభ్యులను తగ్గిస్తే ఏమవుతుందో 2014లో చూశాం. కేంద్రం జాతీయ బోర్డును కొత్తగా వేసింది. చట్టం ప్రకారం స్వచ్ఛంద సంస్థల నుంచి ఐదుగురు, నిపుణులు పదిమంది ఉండాలి. వేసింది ఇద్దరు నిపుణులను, గుజరాత్ ప్రభుత్వం పెట్టిన ఒక సంస్థను. విషయం సుప్రీంకోర్టుకు పోయింది, ఆ బోర్డు నిర్ణయాలను కోర్టు ఆపేసింది. అభయారణ్యాల గుండా రోడ్డు, లైను, ప్రాజెక్టు పోవాలంటే ఓకే చెప్పే చోటు అది. అక్కడ ప్రశ్న అడిగే మనిషి లేకపోతే ఫైలు ఎంత స్పీడుగా కదులుతుందో ఊహించుకోండి.

మన ఊరి లెవెల్లో కూడా ఒక ప్రయోగం నడిచింది. అడవిపందులు మక్కచేను పాడుచేస్తున్నాయని రైతులు మొత్తుకుంటే, తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదా ఇచ్చింది. కాల్చే అనుమతి సర్పంచు ఇస్తాడు, కాల్చేది లైసెన్సున్న షూటర్. చేను పోయిన రైతుకు దగ్గరలో నిర్ణయం జరగడం నాకు నచ్చింది. కానీ షూటర్ ఊరికి రావాలంటే ఖర్చు ఎవరిదన్న మాట అక్కడే ఆగిపోతుంది.

ఇక తాజా సంగతి. 2022లో చట్టాన్ని మళ్లీ సవరించారు. రాష్ట్ర బోర్డు కింద స్టాండింగ్ కమిటీ వేసుకోవచ్చు. వైస్ ఛైర్మన్, మెంబర్ సెక్రటరీ, బోర్డులోంచి వైస్ ఛైర్మన్ ఎంచుకున్న పదిమందికి మించకుండా సభ్యులు. పెద్ద బోర్డు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే, రోజువారీ ఫైళ్లు నడిచేది ఇట్లాంటి చిన్న కమిటీల్లోనే. పెద్ద బోర్డులో ఇద్దరు ఆదివాసీలు తప్పనిసరి. చిన్న కమిటీ గురించి చెప్పే సెక్షన్‌లో మాత్రం ఆ షరతు లేదు.

కాబట్టి ఈసారి రాష్ట్ర బోర్డుకు కొత్త సభ్యులను వేస్తూ జీవో వచ్చినప్పుడు, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి రెండు విషయాలు చూడండి. ఆదివాసీ ప్రతినిధులుగా రాసిన ఆ ఇద్దరు ఏ ఊరివాళ్లు? స్టాండింగ్ కమిటీ లిస్టులో వాళ్ల పేర్లు ఉన్నాయా?

వచ్చే ఎపిసోడ్‌లో పాకాల చెరువు. 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన కట్ట ఇంకా నీళ్లు ఎట్లా ఆపుతుందో చూద్దాం.