చేవెళ్ల దారి, గదిలో సైకిల్: ఒక సాధన పూర్వాపరాలు

పోటీ దగ్గరపడ్డాక చేసే కఠినమైన సైకిల్ సాధనను ఇంట్లో, కదలని సైకిల్ మీద ముగించడాన్ని రోడ్డుకు వెరచి వెనక్కి తగ్గడంగా లెక్కకట్టేవారు ఉన్నారు. హైదరాబాదు నుంచి చేవెళ్ల, మొయినాబాద్ వైపు దూరాలు తొక్కడమే అసలైన తయారీ అని వారి వాదన. ఈ దారి చరిత్రనూ ఆ సాధన చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదన నిలవదు. దారి సైక్లిస్టుకు ఓపికను, ఒడుపును ఇస్తుంది. కొలిచి ఇవ్వవలసిన శ్రమ మాత్రం మొదటినుంచీ ప్రయోగశాల సొత్తు.

ముందు దారి సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. మళ్లీ అలా జరగకుండా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. మొయినాబాద్ చుట్టుపక్కల పల్లెలు దాని పరిధిలోకి వచ్చాయి. పక్కనే గచ్చిబౌలి, మాదాపూర్ అద్దాల మేడలతో నిండిపోతున్నా ఇటు పూలతోటలు, కూరగాయల మళ్లు చాలాకాలం మిగిలాయి. సెలవు రోజు తెల్లవారుజామున గండిపేట మీదుగా చిలుకూరుకో, చేవెళ్ల దాటి అనంతగిరి కొండలకో సైక్లిస్టులు బయల్దేరడానికి ఈ ఖాళీయే కారణం. తాగునీటి కోసం పెట్టిన ఆంక్ష పరోక్షంగా వారికి మైదానమైంది.

ఆ మైదానం మీదుగానే బీజాపూర్ రహదారి పోతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ పని పాత మర్రిచెట్ల వివాదంతో ఏళ్లు సాగింది. ఈలోగా ఇరుకు దారి మీద టిప్పర్లు, బస్సులు పెరిగాయి. 2024 డిసెంబరులో ఆలూరు వద్ద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవారి మీదికి లారీ దూసుకెళ్లింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఊపిరి అందక, చూపు ముందు చక్రం మీదే నిలిచిపోయేంత శ్రమ చేయడానికి ఇది తగిన చోటు కాదు.

ఇక సాధన సంగతి. 1930లలో జర్మనీలో శిక్షకుడు గెర్ష్‌లర్, వైద్యుడు రైండెల్ కలిసి పరుగును చిన్న ముక్కలుగా విడగొట్టి, మధ్య విశ్రాంతిని గుండె వేగంతో కొలిచారు. ఇదే ఇంటర్వెల్ సాధన. గెర్ష్‌లర్ శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. ఆ సూత్రానికి సైకిల్ మీద రుజువు 1960లో స్వీడన్‌లో దొరికింది. ఆస్ట్రాండ్ బృందం గంటలో సగం సేపు శ్రమ, సగం సేపు విశ్రాంతి ఇచ్చి మొత్తం పనిని మార్చకుండా ముక్కల నిడివి మాత్రమే మార్చింది. అరనిమిషం చొప్పున విడగొడితే పని సులువుగా సాగింది. మూడేసి నిమిషాలకు పెంచితే అదే మనిషి డస్సిపోయాడు. 1996లో జపాన్‌లో పరిశోధకుడు తబాతా 20 సెకన్ల తీవ్ర శ్రమకు 10 సెకన్ల విశ్రాంతి జోడించి చేసిన పరీక్షా స్థిరమైన సైకిల్ మీదే జరిగింది. ఎంత బలంతో తొక్కాలి, ఎంతసేపు ఆగాలి అన్నవే ఇంటర్వెల్ సాధనకు కీలకమని ఈ ప్రయోగాలు చెబుతున్నాయి.

పోటీ ముందు ఈ కచ్చితత్వం విలువ ఇంకా పెరుగుతుంది. 1980లలో హిక్సన్ చేసిన పరిశోధనల్లో తీవ్రత తగ్గించినవారు సంపాదించిన దారుఢ్యాన్ని నిలుపుకోలేకపోయారు. 2007లో బోస్కే బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసి, పోటీకి ముందు రెండు వారాల పాటు సాధన పరిమాణాన్ని 41 నుంచి 60 శాతం దాకా తగ్గించి, తీవ్రతను మాత్రం అలాగే ఉంచడం మేలని తేల్చింది. అంటే నాలుగేసి నిమిషాల ముక్కలు ఐదు చేసేవారు వాటిని దాదాపు సగానికి, అంటే రెండుకో మూడుకో కుదించాలి, తొక్కే బలాన్ని చూపే వాట్లు మాత్రం తగ్గించకూడదు. రోడ్డు మీద స్పీడ్ బ్రేకరో, అడ్డొచ్చిన ఆటోనో ఆ నాలుగు నిమిషాలను రెండుగా విరిచేస్తుంది. ఈ దశలో లెక్క తప్పకూడదు: ఎక్కువ చేస్తే అలసట పోటీ రోజుదాకా వెంట వస్తుంది, తక్కువైతే పదును పోతుంది.

గదిలో గాలి ఆడదు, ఒళ్లు వేడెక్కుతుంది అన్న అభ్యంతరం నిజమే. బలమైన ఫ్యాను, నీళ్లు లేకుండా ఈ సాధనకు దిగకూడదు. మలుపులు, గుంపులో తొక్కే నేర్పు గదిలో రావన్నదీ నిజమే. వాటిని తేలికపాటి రోజుల్లో రోడ్డు మీద నేర్చుకోవచ్చు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ తెరిచారు కదా అంటే, అది పిల్లలూ కొత్తవారూ వచ్చే అందరి స్థలం, తల వంచుకుని దూసుకుపోయేది కాదు. సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కించే ఖరీదైన ట్రైనర్ యంత్రాన్ని అందరూ కొనలేరన్నదీ న్యాయమైన మాటే. జిమ్‌లోని సైకిల్, గోడ గడియారం, గుండె వేగం లెక్క ఉన్నా ఈ పద్ధతి నడుస్తుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఒకటుంది: సైక్లిస్టులు గదుల్లోకి వెళ్తే రోడ్డు ఎవరికి మిగులుతుంది? ట్రైనర్ కొనగలిగినవారికి గది ఉంది. మొయినాబాద్ నుంచి పనికి, బడికి సైకిల్ మీద వెళ్లేవారికి ఆ రోడ్డే గతి. కాబట్టి కఠిన సాధనను గదిలోనే చేయండి. ఈ దారి విస్తరణలో సైకిల్‌కు, నడకకు విడిగా చోటు ఉండాలని మాత్రం రోడ్డు మీదికి వచ్చి అడగండి.