పచ్చీసా, ఇరవై ఐదా?

2005 జూన్ 1. బుధవారం రాత్రి ఎనిమిది. ఫోన్ మోగింది.

అవతల ఆపిల్ మనిషి. ఓ పనుంది, వెంటనే రావాలి. ఏం పని? అది మాత్రం చెప్పడు. ఇవతల వుల్‌ఫ్రమ్ రీసెర్చ్‌కి చెందిన థియోడర్ గ్రే. శాస్త్రవేత్తలు లెక్కలకు వాడే మాథమాటికా సాఫ్ట్‌వేర్ వాళ్లదే. లక్షల లైన్ల కోడ్. దాన్నేం చేయమంటారో?

ఆపిల్‌కి వెళ్లిన మాథమాటికా ఇంజనీరు ముందు ఒక మాక్ పెట్టారు. పైకి మాకే. కానీ 1994 నుంచి మాక్‌లని నడిపిస్తున్న పవర్‌పీసీ చిప్ లోపల లేదు. ఇంటెల్ ఉంది!

చిప్ మారితే ఏం మునిగింది? ఏర్గట్ల ఊరి అంగడిలో నిలబడి వినండి. తెలుగులో ‘ఇరవై ఐదు’. పెద్దది ముందు. ఉర్దూలో అదే ‘పచ్చీస్’. ఐదు ముందు, ఇరవై తర్వాత. మనం తడుముకోకుండా చిల్లర ఇచ్చేస్తాం. చిప్పులకి ఆ తెలివి లేదు. పవర్‌పీసీ అంకెని మెమరీలో పెద్దవైపు నుంచి పెడుతుంది, ఇంటెల్ చిన్నవైపు నుంచి. నాలుగు బైట్లలో రాసిన ‘1’ని తిరగేసి చదివితే 1,67,77,216 అవుతుంది. ఒక్క లైను పాత అలవాటుతో ఫైలు చదివినా లెక్కంతా తారుమారు.

ఒకే కోడ్ తీసుకుని, ఆపిల్ ప్రోగ్రామింగ్ టూల్ ఎక్స్‌కోడ్‌లో రెండు చిప్పుల పేర్ల పక్కనా టిక్ పెట్టి, ఒకసారి దీనికీ ఇంకోసారి దానికీ కంపైల్ చేయించి, రెండు ముక్కలనీ ఒకే ఫైల్లో కుట్టేసి, ఏ మాక్‌లో తెరిస్తే ఆ మాక్ తన ముక్కని తానే ఏరుకునేలా చెయ్యాలి, దారిలో పాత చిప్పుని నమ్ముకుని రాసిన లైనల్లా వెతికి దిద్దాలి. అలాంటివి ఎన్ని దాక్కున్నాయో!

సోమవారం. శాన్‌ఫ్రాన్సిస్కో, మాస్కోనీ సెంటర్. హాలు నిండా ప్రోగ్రామర్లు. స్టేజి మీద స్టీవ్ జాబ్స్. తెర మీద ఆపిల్ క్యాంపస్ ఉపగ్రహ ఫోటో. అందులో ఒక బిల్డింగు. అక్కడే మాక్ ఓఎస్ టెన్ ప్రతి విడుదలనీ ఐదేళ్లుగా గుట్టుగా రెండు చిప్పులకీ బిల్డ్ చేస్తూనే ఉన్నారు, ఎందుకైనా మంచిదని. ఇంతలో జాబ్స్ పొద్దుట్నుంచీ తను చూపిస్తున్న మాక్‌లోనే మెనూ తెరిచాడు.

3.6 గిగాహెర్ట్జ్ ఇంటెల్ పెంటియం 4.

తర్వాత గ్రే స్టేజి ఎక్కాడు. మాథమాటికా ఇంటెల్ మాక్ మీద నడుస్తోంది. పట్టింది రెండు గంటలు. మార్చినవి ఇరవై లైన్లు.