సరైన జవాబు ఎవరు పెట్టారు?

కింది వాక్యాల్లో సరైనది గుర్తించండి.

అ) వన్ ఆఫ్ మై ఫ్రెండ్ వర్క్స్ ఇన్ పూణే.
ఆ) వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్ ఇన్ పూణే.
ఇ) వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ ఇన్ పూణే.
ఈ) పైవేవీ కావు.

జవాబు 'ఇ' అని చెప్పడానికి ఇప్పుడు మనకి రెండు సెకన్లు చాలు. కానీ ఇంజనీరింగ్ ఫైనలియర్లో, ఏసీ ల్యాబులో, పక్కన టైమరు తిరుగుతుంటే ఇదే బిట్టు దగ్గర చెమటలు పట్టినవాళ్ళు మనలో చాలామందే వుంటారు. ముఖ్యంగా నాలాగా మోతె లాంటి మండలాల్లో సర్కారు బడిలో, తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద వస్తుంది మా వూరు. బస్సులో నిద్రపోతే దాటిపోతుంది :)

ఆరు నెలలుగా మా ఆఫీసులో ఫ్రెషర్ల రాతపరీక్ష ప్రశ్నల్ని వడకట్టే పని నా నెత్తిన పడింది. వెర్బల్ సెక్షన్లో వందల బిట్లు. వాటిని చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. జవాబు 'ఇ' అని మనందరికీ తెలుసు. కానీ ఆ జవాబుని అక్కడ పెట్టిందెవరు? ఎప్పుడు? ఎందుకు? వెతుక్కుంటూ పోతే తేలిన చరిత్ర ఇది.

ముందు ఇంగ్లండు సంగతి. షేక్‌స్పియర్ కాలానికి ఇప్పటిలా బడిలో బట్టీ పట్టించే ఇంగ్లీషు వ్యాకరణం లేదు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతగురువు ఒక వ్యాకరణం రాసాడు. పెద్ద పెద్ద రచయితల వాక్యాల్లో కూడా తప్పులు పట్టాడాయన. 1795లో లిండ్లీ మర్రే రాసిన వ్యాకరణం దాదాపు అదే దారిలో నడిచి, దేశదేశాల బడుల్లోకి పోయింది. మధ్యలో 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన, లెక్కపెట్టగలిగే వాటికి 'లెస్' కంటే 'ఫ్యూయర్' అంటే బాగుంటుందని తనకి అనిపిస్తోందని రాసాడు. గమనించండి, అనిపిస్తోందని మాత్రమే! అంతకు ముందు వందల యేళ్ళుగా, ఆల్ఫ్రెడ్ రాజు కాలం నుంచీ, జనం రెండు చోట్లా 'లెస్' వాడుతూనే వున్నారు. ఒక మనిషి ఇష్టం వందేళ్ళు తిరిగేసరికి నియమం అయింది, ఇంకో వందేళ్ళకి మన బిట్టు పేపరెక్కింది.

అలాగని వ్యాకరణమంతా ఎవరో కల్పించిందని నేననను. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' దగ్గర ఇంగ్లీషువాళ్ళ నోట్లో నిజంగానే ఒక పద్ధతి వుంది. 'లెస్', 'ఫ్యూయర్' తేడా అలాంటిది కాదు, అది మర్యాద లాంటిది. కోడ్ భాషలో చెప్పాలంటే మొదటిది కంపైల్ ఎర్రర్, రెండోది స్టైల్ గైడు. మన పరీక్షలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, రెంటికీ ఒకే మార్కు కోస్తాయి.

సరే, ఇది మనదాకా ఎలా వచ్చింది? 1835 మెకాలే మినిట్ సంగతి అందరికీ తెలిసిందే. దానికంటే మన కథకి దగ్గరిది 1844 నాటి హార్డింజ్ తీర్మానం. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదువు చదివినవాళ్ళకి ముందు చోటివ్వాలని అందులో చెప్పారు. మొదటి ప్లేస్‌మెంట్ కటాఫ్ అదే అనుకోవచ్చు. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది, మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. కోస్తా, రాయలసీమ పిల్లలకి ఆ గుమ్మం దాటాలంటే ఇంగ్లీషు తప్పనిసరి. తర్వాత 1930లలో రెన్ అండ్ మార్టిన్ పుస్తకం వచ్చింది. హిందూదేశంలో వుండే బ్రిటిష్ అధికారుల పిల్లల కోసం రాసారంటారు. ఆ పిల్లలు వెళ్ళిపోయారు, పుస్తకం మాత్రం మనకి మిగిలింది. అన్నట్టు దాన్ని తర్వాత కాలంలో సవరించిన ఆయన పేరు ఎన్.డి.వి. ప్రసాదరావు, అట్ట మీదే వుంటుంది చూడండి.

మా వైపు కథ వేరు. మోతె నైజాం రాజ్యంలో వుండేది. అక్కడ దర్బారు భాష ఉర్దూ. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతోనే మొదలైంది, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. అంటే తెలుగు పిల్లవాడికి రెండు గుమ్మాలు. మా తాత సూర్యాపేటలో కొన్నేళ్ళు ఉర్దూ బడికి పోయాడు. అర్జీ ఉర్దూలో రాసేవాడు, లెక్కలు తెలుగులో వేసేవాడు. 1948 తర్వాత ఆ ఉర్దూకి ఆఫీసుల్లో విలువ పడిపోయింది. ఆయన కష్టపడి నేర్చిన 'సరైన' భాష కొద్ది యేళ్ళలోనే ఎందుకూ కొరగాకుండా పోయింది. మా బాపు తెలుగు మీడియం. పదో తరగతిలో లెక్కల్లో డెబ్బై దాటినయి, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. మళ్ళీ కట్టలేదు, వ్యవసాయంలోకి దిగిండు. ఒకే ఇంట్లో మూడు తరాలు, గుమ్మానికి మూడుసార్లు తాళం మార్చారు. తాళం మారినప్పుడల్లా తెలివితేటలు మారలేదు కదా!

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోవాలి. వ్యావహారిక భాషోద్యమం అనగానే మనకి సాహిత్యం గొడవ అనిపిస్తుంది గానీ, అది చాలామటుకు పరీక్షల గొడవ. విశాఖపట్నం వైపు బడుల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే దొర తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల్లో భాష ఒకటి, జనం మాట్లాడేది ఇంకొకటి, ఏమిటిది అని అడిగాడు. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నని పట్టుకున్నారు. 1910ల మొదట్లో స్కూలు ఫైనల్లో వ్యాసం వాడుక భాషలో రాయొచ్చా, రాస్తే మార్కులు వెయ్యాలా అన్నదాని మీద యుద్ధమే నడిచింది. జయంతి రామయ్య పంతులుగారి వర్గం గ్రాంథికమే సరైన తెలుగు అంది. 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం రాసిచ్చారు. పరీక్షల్లో గ్రాంథికమే గెలిచింది. గురజాడ 1915లో పోయారు. గిడుగు మాత్రం వదల్లేదు. ఆయన వాడిన ఎత్తు మనలాంటి డీబగ్గింగ్ జనానికి బాగా నచ్చుతుంది. గ్రాంథికవాదుల పుస్తకాలే తీసి, వాళ్ళు నమ్మే వ్యాకరణం ప్రకారమే వాళ్ళు ఎన్ని తప్పులు రాసారో వరసగా చూపించారు. నియమం పెట్టినవాడే పాటించలేకపోతే, పిల్లవాడి మార్కులెందుకు కోస్తారు అన్నది ఆయన వాదన. ఇప్పుడు మనమందరం రాసేది ఆయన తెలుగే. నూరేళ్ళ కింద ఇది పరీక్షలో తప్పు.

ఇక బిట్ల సంగతి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే పద్ధతి అమెరికాది. 1914-15లో కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన, మాస్టర్లు ఒకే పేపరుకి తలా ఒక మార్కు వేస్తున్నారని, దిద్దడంలో తేడా రాకుండా వుండాలని ఇలాంటి పరీక్ష తయారుచేసాడు. ఉద్దేశం మంచిదే. 1938లో ఐబీఎం 805 అనే యంత్రం వచ్చింది. పెన్సిలు గీతలోంచి కరెంటు పారితే మార్కు. ఆ ఆలోచన రేనాల్డ్ జాన్సన్ అనే బడిపంతులిది. తర్వాత 1956లో ఐబీఎం మొదటి డిస్క్ డ్రైవ్ తయారుచేసిన టీముకి నాయకుడు కూడా ఆయనే! యంత్రం వ్యాసాన్ని చదవలేదు, గీతని చదవగలదు. అందుకని యంత్రం దిద్దగలిగిన ఇంగ్లీషే పరీక్షించదగ్గ ఇంగ్లీషు అయికూచుంది. మనిషి చెప్పదలచుకున్నది చెప్పగలిగాడా లేదా అన్న ప్రశ్న పక్కకి పోయింది, 'ఇన్'కి 'ఆన్'కి తేడా తెలుసా అన్న ప్రశ్న మిగిలింది.

ఇందులో నన్ను బాగా ఆపేసిన మనిషి కార్ల్ బ్రిగమ్. 1926లో మొదటి శాట్ పరీక్ష ఈయన ఆధ్వర్యంలోనే తయారైంది. అంతకు ముందు 1923లో, సైన్యం పెట్టిన పరీక్షల మార్కులు చూపించి, ఫలానా దేశాలనుంచి వచ్చినవాళ్ళకి పుట్టుకతోనే తెలివి తక్కువ అని పుస్తకం రాసాడు. 1930లో తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు. ఒక భాషలో పెట్టే పరీక్షతో మనుషుల్ని పోల్చాలంటే ఆ భాష నేర్చుకునే అవకాశం అందరికీ సమానంగా వుండాలి, లేకపోతే ఆ పోలికకి విలువ లేదన్నది ఆయన చివరికి ఒప్పుకున్న మాట. వెర్బల్ కటాఫ్ పెట్టే ప్రతి కంపెనీ గోడ మీదా రాసిపెట్టుకోవాల్సిన మాట అది.

పోనీ ఆ ప్రశ్నలైనా తిరుగులేనివా? 2002 అక్టోబరులో అమెరికాలో లక్షలమంది పిల్లలు రాసిన పీశాట్‌లో, టోనీ మారిసన్ ప్రతిభ ఆమెచేత ఎలాంటి నవలలు రాయిస్తోందో చెప్పే వాక్యం ఒకటిచ్చి, తప్పు పట్టుకోమన్నారు. అధికారిక జవాబు 'తప్పు లేదు'. మేరీలాండ్‌లో ఒక హైస్కూలు మాస్టారు అడ్డం తిరిగాడు. 'టోనీ మారిసన్స్' అన్నది విశేషణంలాంటిది, కాబట్టి తర్వాత వచ్చే 'హర్' దాన్ని సూచించకూడదు, కొన్ని వ్యాకరణ పుస్తకాల్లో అలాగే వుందన్నాడు. నెలల తరబడి ఉత్తరాలు నడిచాక, 2003లో ఆ ప్రశ్ననే లెక్కలోంచి తీసేసారు. చాలామంది భాషాశాస్త్రవేత్తలేమో అసలా నియమమే ఉత్తదన్నారు. చూసారా, ప్రశ్న పెట్టినవాళ్ళకీ, పాఠం చెప్పేవాళ్ళకీ, భాషని చదివేవాళ్ళకీ ఒక్క వాక్యం మీద మాట కుదరలేదు. కోదాడ నుంచి వచ్చిన పిల్లకి మాత్రం నలభై సెకన్లలో కుదరాలి.

నుడికారం బిట్లు ఇంకో తమాషా. 'న్యూకాజిల్‌కి బొగ్గు మోసుకెళ్ళడం' అంటే ఏమిటి? న్యూకాజిల్‌లో బొగ్గు గనులుండేవని తెలిస్తేనే అర్థమవుతుంది. కొత్తగూడెం వాడికి 'సింగరేణికి బొగ్గు మోసినట్టు' అని చెప్పండి, క్షణంలో నవ్వుతాడు. ఆ పిల్లవాడికి తెలివి వుంది, లేనిది ఇంగ్లండు భూగోళం. ఇంకోటి, మనం ఈమెయిళ్ళలో రాసే 'డూ ద నీడ్‌ఫుల్' మన కల్పన కాదు. అది పాత బ్రిటిష్ ఇంగ్లీషే. వాళ్ళు వదిలేసారు, మనం దాచుకున్నాం. ఇప్పుడు దాన్నే మన తప్పుగా చూపిస్తారు.

ఇక మన లోటు ఎక్కడుందో చూడండి. 1986లో మొదలైన ఎంసెట్ ఇంజనీరింగ్ పేపర్లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మొత్తం 160 బిట్లు. ఇంగ్లీషు ఒక్క మార్కుకి కూడా లేదు. కాలేజీలో నాలుగేళ్ళూ ఎవరూ దాని గురించి గట్టిగా పట్టించుకోరు. ఫైనలియర్లో ఒక్కసారిగా వెర్బల్ సెక్షన్! నేర్పని దానికి వడపోత పెట్టడం ఇది. హైదరాబాదులో పెరిగినవాడికి ఇంట్లో, వీధిలో దొరికినది మా మండలం పిల్లవాడు మూడు నెలల్లో ఒక గైడు కొనుక్కుని పట్టుకోవాలి.

వింత ఏమిటంటే ఈ రకం ప్రశ్నల్ని కనిపెట్టినవాళ్ళే ఒక్కొక్కటిగా వదిలేస్తున్నారు. టోఫెల్ 2005లో ఇంటర్నెట్ పరీక్ష మొదలుపెడుతూ విడిగా వుండే వ్యాకరణం భాగాన్ని తీసేసి, మాట్లాడించడం పెట్టింది. జీఆర్ఈ 2011లో వ్యతిరేక పదాల బిట్లు తీసేసింది. జీమ్యాట్ 2023 చివర్లో వచ్చిన కొత్త రూపంలో వాక్యాలు దిద్దే ప్రశ్నలే లేవు. ఢిల్లీలో అభ్యర్థుల ఆందోళన తర్వాత 2014 ఆగస్టులో, సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు ప్యాసేజీల మార్కుల్ని మెరిట్ లెక్కలోకి తీసుకోబోమని ప్రభుత్వం చెప్పింది. శాట్ మాత్రం ఇంకా వ్యాకరణం అడుగుతూనే వుంది, అది కూడా చెప్పాలి.

ఇదంతా చదివి ఇంగ్లీషు వద్దంటున్నానని అనుకోకండి. మోతెలో ఎవరినైనా అడగండి, పిల్లలకి ఇంగ్లీషు కావాలనే చెప్తారు, నేనూ అదే చెప్తాను. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది కూడా. నేను అడిగేది ఒక్కటే, పరీక్ష పెట్టేటప్పుడు దేన్ని కొలుస్తున్నామో తెలిసి కొలవమని.

నా చేతిలో వున్న ప్రశ్నల మూటలో నేను పెట్టుకున్న గీటురాయి చెప్తాను. తప్పు జవాబు నిజంగా టికెట్లో రాస్తే ప్రొడక్షన్లో ఏమన్నా పగులుతుందా? బ్యాకప్ అయ్యేదాకా సర్వర్ ఆపొద్దు అన్నదానికీ, బ్యాకప్ అయితే తప్ప ఆపొద్దు అన్నదానికీ, బ్యాకప్ అయ్యేటప్పుడు ఆపు అన్నదానికీ తేడా పట్టలేకపోతే పగులుతుంది. కాబట్టి 'అంటిల్', 'అన్‌లెస్', 'వైల్' వుంచాను. 'డిస్కస్ అబౌట్' రాస్తే ఏదీ పగలదు, మీటింగు జరుగుతుంది, పని అవుతుంది. అది తీసెయ్యమన్నాను. న్యూకాజిల్ బొగ్గు కూడా తీసెయ్యమన్నాను. పైవాళ్ళు సగం ఒప్పుకున్నారు, సగం మీద ఇంకా వాదన నడుస్తోంది.

మీలో కూడా ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చునేవాళ్ళు, ప్రశ్నలు రాసేవాళ్ళు వుంటారు. ఈసారి ఒక బిట్టు పెట్టే ముందు, ఈ నియమం భాషదా, ఎవరో ఒకరి ఇష్టమా అని ఒక్క నిమిషం ఆగండి. ఇక పరీక్ష రాయబోయే తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ... ఆ నియమాలన్నీ నేర్చుకోండి, ఒక ఏపీఐ డాక్యుమెంటు నేర్చుకున్నట్టు నేర్చుకోండి. గేటు దాటాలి కదా. కానీ తప్పు పోయినప్పుడు తలదించుకోకండి. ఆ జవాబు అక్కడ పుట్టలేదు, ఎవరో పెట్టారు. పెట్టినవాళ్ళే రేపు తీసేస్తారు కూడా.