కొసరు సీటు: విమానంలో అప్‌గ్రేడ్ పుట్టుపూర్వోత్తరాలు

సోమవారం తెల్లవారుజామున డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఏ గేటు దగ్గరికి వెళ్లినా జనం తలెత్తి ఒక తెరకేసి చూస్తూ కనిపిస్తారు. ఫస్ట్ క్లాస్‌లో మిగిలిన సీట్లు ఎన్నో, వాటి కోసం వరసలో ఉన్నవాళ్లు ఎవరో అందులో పడుతుంది. ఇంటిపేరులో మొదటి మూడక్షరాలు, అసలు పేరులో మొదటి అక్షరం, అంతే. సోమవారం క్లయింటు ఊరికి ఎగిరిపోయి గురువారం రాత్రికి ఇల్లు చేరే మన తెలుగు కన్సల్టెంట్లకు ఆ జాబితా చదవడం బాగా అలవాటు. మూడక్షరాలు చూడగానే అవతలి మనిషి మనవాడో కాదో పోల్చుకోగలరు. తమ పేరు నాలుగో స్థానంలో ఉండి సీట్లు రెండే మిగిలితే, ఆ పూట వెనక వరసే గతి అని బ్యాగు సర్దుకుంటారు.

ఈ వరస, ఈ ఎదురుచూపు, దీని కోసం ఏడాది పొడవునా పోగేసుకునే గోల్డ్, ప్లాటినం హోదాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలంటే ముందు ఫస్ట్ క్లాస్ సంగతి చూడాలి.

మొదట్లో విమానమంతా ఒకటే తరగతి. ఎక్కగలిగినవాళ్లే కొద్దిమంది, అందరిదీ ఒకే టికెట్టు. 1948లో క్యాపిటల్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్, పిట్స్‌బర్గ్, షికాగోల మధ్య రాత్రిపూట చవక టికెట్టుతో కోచ్ సర్వీసు మొదలుపెట్టింది. 1952లో అట్లాంటిక్ మీదుగా వెళ్లే విమానాల్లో టూరిస్ట్ క్లాస్ వచ్చింది. కింద ఒక తరగతి ఏర్పడ్డాకే పైన ఉన్నది ‘ఫస్ట్’ అయింది. అమెరికాలో టికెట్టు ధరలు మాత్రం కంపెనీల చేతిలో లేవు. 1938 నుంచీ సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ ఏ కంపెనీ ఏ ఊరికి నడపాలో, ఎంత వసూలు చేయాలో తేల్చేది. ధర తగ్గించి పోటీ పడే దారి లేక కంపెనీలు మర్యాదల్లో పోటీ పడ్డాయి. 1970ల మొదట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన జంబో విమానాల్లో ఏకంగా పియానో పెట్టించింది.

తరచూ ఎక్కేవాళ్లను ప్రత్యేకంగా చూసుకోవాలన్న ఆలోచన అంతకన్నా పాతది. ఆ కంపెనీకే చెందిన సి.ఆర్. స్మిత్ తన విమానాలను ఓడల దళంలా ‘ఫ్లాగ్‌షిప్’ అని పిలిచి, నచ్చిన ప్రముఖులకు ‘అడ్మిరల్’ బిరుదులు పంచేవాడు. 1939లో న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయంలో వాళ్ల కోసం అడ్మిరల్స్ క్లబ్ తెరిచాడు. ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో పూర్తిగా కంపెనీ ఇష్టం. అది వివక్ష అని 1960లలో ఫిర్యాదులు వచ్చాక క్లబ్బుల తలుపులు రుసుము కట్టే ప్రతి ఒక్కరికీ తెరవాల్సి వచ్చింది. మర్యాద దక్కాలంటే కంపెనీ పెద్దల కంట్లో పడాలన్న పద్ధతి అలా పోయింది. ఆ స్థానంలో లెక్క రావడానికి ఒక యంత్రం కావలసి వచ్చింది.

ఆ యంత్రం కథ కూడా విమానంలోనే మొదలైంది. 1953లో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానంలో సి.ఆర్. స్మిత్ పక్క సీట్లో బ్లెయిర్ స్మిత్ అనే ఐబీఎం ఉద్యోగి కూర్చున్నాడు. ఒకే ఇంటిపేరు కావడంతో మాటలు కలిశాయి. ఆ మాటల నుంచే ఐబీఎం, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి కట్టిన సేబర్ అనే రిజర్వేషన్ కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. 1960ల నడుమకల్లా ఆ విమాన కంపెనీకి దేశమంతటా ఉన్న బుకింగులూ దానిలోకి చేరాయి. అంతవరకూ కార్డుల మీద రాసి పెట్టెల్లో దాచిన సీట్ల లెక్క యంత్రం జ్ఞాపకంలోకి వెళ్లింది. ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో వెతికి తీయడం మొదటిసారిగా సాధ్యమైంది.

1978 అక్టోబర్ 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విమానయాన నియంత్రణల రద్దు చట్టం మీద సంతకం పెట్టాడు. బోర్డు అధ్యక్షుడిగా ఉన్న ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కాన్ తన సంస్థను తానే మూసేసుకునే దిశగా పనిచేసిన అరుదైన అధికారి. ధరలకు కళ్లెం తీసేయడంతో కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. 1981 ఏప్రిల్ 30న నూవార్క్ నుంచి పీపుల్ ఎక్స్‌ప్రెస్ అతి చవక టికెట్లతో ఎగరడం మొదలుపెట్టింది. ఆ మర్నాడే, మే 1న, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘ఎఅడ్వాంటేజ్’ పథకం ప్రకటించింది. అప్పట్లో ఆ కంపెనీ ప్రెసిడెంటు రాబర్ట్ క్రాండల్. తరచూ వచ్చే ప్రయాణికులకు ప్రత్యేక ధర ఇవ్వాలని 1979లో అనుకుని వదిలేసిన ఆలోచన, మైళ్లు పోగుచేసుకునే పథకంగా మారింది. సేబర్‌ను గాలించి, బుకింగుల్లో పదేపదే కనిపించే ఫోన్ నంబర్లను పట్టుకుని సుమారు 1,30,000 మందిని ఏరారు. అడ్మిరల్స్ క్లబ్ సభ్యులు 60,000 మందిని వాళ్లకు కలిపారు. వారం తిరక్కుండానే యునైటెడ్ ‘మైలేజ్ ప్లస్’తో బరిలోకి దిగింది. టెక్సస్ ఇంటర్నేషనల్ అనే చిన్న కంపెనీ 1979లోనే మైళ్ల పథకం నడిపిందనీ అంటారు. అయినా ప్రపంచమంతా నకలు తీసుకున్నది ఎఅడ్వాంటేజ్‌నే.

కోచ్ టికెట్టు మీద ఫస్ట్ క్లాస్‌లో కూర్చోబెట్టడం ఆ పథకం బహుమతుల్లో మొదటి నుంచీ ఉంది. ఎందుకు పెట్టారో ఆలోచిస్తే ఈ వ్యాపారం గుట్టు తెలుస్తుంది. విమానం కదిలిందంటే ఖాళీ సీటు విలువ సున్నా. దాన్ని దాచి రేపు అమ్ముకోలేరు. ఆనాడు దేశంలోపలి విమానాల్లో ఫస్ట్ క్లాస్ సీట్లు చాలావరకు అమ్ముడయ్యేవి కావు. అందులో ఒకరిని కూర్చోబెడితే కంపెనీకి అయ్యే ఖర్చు ఒక భోజనం, ఒక గ్లాసు వైన్. కూర్చున్నవాడికి మాత్రం అది వందల డాలర్ల సుఖం. కూరగాయలమ్మే ఆవిడ తూకం అయ్యాక సంచిలో వేసే కొసరు లాంటిదే ఇదీ: ఆవిడకు పెద్దగా పోయేదేమీ లేదు, మనం రేపు కూడా ఆ బండి దగ్గరికే వెళతాం.

ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. కూరగాయలకు డబ్బు మనదే. ఆఫీసు పని మీద ఎక్కే విమానానికి డబ్బు యజమానిది, కొసరు మాత్రం ఉద్యోగిది. పక్క కంపెనీలో 100 డాలర్లు తక్కువకు టికెట్టు దొరుకుతున్నా, తన హోదా ఉన్న కంపెనీనే ఉద్యోగి ఎంచుకుంటాడు. ఈ పథకాల బలమంతా ఆ ఎంపికలోనే ఉందని నా అభిప్రాయం. నార్వే ప్రభుత్వం ఇది చూసి, దేశంలోపలి ప్రయాణాలకు పాయింట్లు ఇవ్వకూడదని 2002లో నిషేధించింది, 2013లో గానీ ఎత్తివేయలేదు. అమెరికా పన్నుల శాఖ మాత్రం, ఆఫీసు ప్రయాణాల మైళ్లను సొంతానికి వాడుకున్నా పన్ను వేయబోమని 2002లోనే ప్రకటించింది. మన కేంద్ర ప్రభుత్వం నియమం వేరు: అధికారిక పర్యటనల్లో వచ్చిన మైళ్లు అధికారిక ప్రయాణాలకే వాడాలి. ఖజానా సొమ్ముతో కొన్న టికెట్టు కాబట్టి అది న్యాయమైన నియమం.

పథకాలు పెరిగేకొద్దీ ఖాళీ సీట్లకంటే ఆశించేవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో మెట్లు కట్టారు. ఏడాదికి 25,000 మైళ్లు ఎగిరితే మొదటి మెట్టు, 50,000కు రెండోది, ఆపైన ఇంకా ఎత్తుకు. ఇది చాలాకాలం అమెరికా కంపెనీలన్నిటికీ ఇంచుమించు ఒకే కొలత. పై మెట్టువాడికి తలుపు ముందు తెరుచుకుంటుంది. అమెరికన్‌లో ఎగ్జిక్యూటివ్ ప్లాటినం సభ్యుడి అప్‌గ్రేడ్ విమానానికి 100 గంటల ముందు నుంచే ఖాయం కావచ్చు. ప్లాటినం ప్రోకు 72 గంటలు, ప్లాటినంకు 48, గోల్డ్‌కు 24. కింది మెట్టువాడి వంతు వచ్చేసరికి పైవాళ్లకు ఇవ్వగా మిగిలింది ఏదైనా ఉంటే ఉంటుంది. ఒకే మెట్టు మీద ఇద్దరుంటే గత 12 నెలల్లో ఎవరి పాయింట్లు ఎక్కువో చూస్తారు. గేటు దగ్గర ఉద్యోగినిని బతిమాలితే సీటు వస్తుందన్న మాట పాతకాలపు ముచ్చట. వరస కంప్యూటరుది, ఆమె దాన్ని చదువుతుంది అంతే.

ఈలోగా మైళ్లు విమానం దాటి బయటికొచ్చాయి. 1987లో సిటీబ్యాంకు ఎఅడ్వాంటేజ్ క్రెడిట్ కార్డు తెచ్చింది. 1988లో డెల్టా మూడు రెట్ల మైళ్లు ప్రకటించగానే తక్కినవాళ్లూ అదే బాట పట్టారు. తీర్చలేనన్ని మైళ్లు జనం చేతుల్లో పేరుకున్నాయి. అదే ఏడాది అమెరికన్ నిబంధనలు మార్చి, అప్పటికే పోగుచేసుకున్న మైళ్లకూ కొత్త ఆంక్షలు వర్తిస్తాయంది. సభ్యులు కోర్టుకెక్కారు. 1995లో సుప్రీంకోర్టు వోలెన్స్ కేసులో, కంపెనీ తానే ఇచ్చిన మాట తప్పితే ఒప్పందం కింద దావా వేయొచ్చు గానీ, రాష్ట్రాల వినియోగదారుల చట్టాలు మాత్రం ఇక్కడ చెల్లవు అని తేల్చింది. కారణం? 1978 నాటి చట్టమే. విమాన ధరల విషయంలో, సేవల విషయంలో రాష్ట్రాలు జోక్యం చేసుకోకూడదని అందులో రాసి ఉంది.

దాని పదును ఇంకా బాగా తెలిసింది 2014లో. మిన్నెసోటాకు చెందిన ఒక యూదు మతగురువుకు నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో ప్లాటినం ఎలైట్ హోదా ఉండేది. ఆయన మరీ ఎక్కువగా ఫిర్యాదులు చేస్తున్నాడని 2008లో కంపెనీ సభ్యత్వం రద్దు చేసింది. నిబంధనల ప్రకారం ఎవరి సభ్యత్వాన్నైనా తన విచక్షణతో రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంది. ఆ హక్కును కూడా చిత్తశుద్ధితో వాడాలి కదా అన్నది ఆయన వాదన. ఆ వాదనకు 1978 చట్టం అడ్డమని సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా కొట్టేశారు. నచ్చకపోతే మరో కంపెనీకి వెళ్లవచ్చు అన్నారు. ఏళ్ల తరబడి ఎగిరి కట్టుకున్న హోదాకు చట్టంలో ఉన్న దన్ను అంతే. ఈ తీర్పు సామాన్య ప్రయాణికుడికి అన్యాయం చేసిందనే నేను నమ్ముతున్నాను. నిబంధనలు రాసేవాడూ, మార్చేవాడూ, రద్దుచేసేవాడూ ఒక్కడే అయినప్పుడు చిత్తశుద్ధి అడిగే హక్కు అయినా మిగలాలి.

ఇక ఆ సీటు ఏమైంది? కంపెనీలు దాన్ని అమ్మడం నేర్చుకున్నాయి. 2011 ప్రాంతంలో డెల్టా దేశీయ ఫస్ట్ క్లాస్ సీట్లలో డబ్బుకు అమ్ముడైనవి 14 శాతం మాత్రమే. తర్వాతి పదేళ్లలోపే అది సగం దాటింది. ఫస్ట్ క్లాస్ ధర తగ్గించారు. టికెట్టు కొన్నాక కూడా ఇంకొంచెం కట్టి ముందుకు రమ్మని ఫోన్‌లోనే కబురు పెడుతున్నారు. కొసరుగా వేసినదాన్ని తూకం వేసి అమ్మడం మొదలయ్యాక, కొసరు కోసం వరసలో ఉన్నవాడికి దక్కేదేముంటుంది?

హోదా కొలిచే పద్ధతీ మారింది. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ మైళ్లను దూరం బట్టి కాకుండా టికెట్టు ధర బట్టి ఇవ్వసాగాయి. 2022 నుంచి అమెరికన్‌లో కార్డు మీద పెట్టే ఖర్చు కూడా హోదాకు లెక్కే. విమానం మెట్టు ఎక్కకుండానే గోల్డ్ కావచ్చు. 2023 సెప్టెంబరులో డెల్టా, ఇకపై డాలర్లే లెక్క, పై మెట్టుకు ఏడాదికి 35,000 డాలర్లు అని ప్రకటించింది. సభ్యులు మండిపడ్డారు. మరీ అతి చేశామని ముఖ్య కార్యనిర్వహణాధికారి ఎడ్ బాస్టియన్ ఒప్పుకుని దాన్ని 28,000కు తగ్గించాడు. ఎంత దూరం ఎగిరావన్న ప్రశ్న మాత్రం తిరిగి రాలేదు.

ఈ మార్పుకు కారణం కోవిడ్ కాలంలో బయటపడింది. విమానాలు నేలమీద నిలిచిపోయినప్పుడు కంపెనీలు అప్పు కోసం తాకట్టు పెట్టినది తమ మైళ్ల పథకాలనే. 2020లో యునైటెడ్ 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు, 2021లో అమెరికన్ 1,000 కోట్ల డాలర్లు అలా తెచ్చుకున్నాయి. బ్యాంకులకు మైళ్లు అమ్మే వ్యాపారం విమానాలు ఎగరకపోయినా నడుస్తుంది.

మన దేశంలో ఈ చరిత్ర కురచది, కానీ చేదుది. 1990లలో మొదలైన జెట్‌ప్రివిలేజ్‌లో ప్లాటినం కార్డు సంపాదించిన వ్యాపారస్తులు, ఉద్యోగులు హైదరాబాద్‌లోనూ ఎందరో. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. పథకం వేరే సంస్థగా ఉండటంతో ఇంటర్‌మైల్స్ పేరుతో పాయింట్లు కొంతకాలం బతికాయి గానీ, ముందు వరసలో కూర్చోబెట్టే విమానమే లేకుండా పోయింది. విస్తారా తన సభ్యులకు అప్‌గ్రేడ్ వోచర్లు ఇచ్చేది. 2024 నవంబరులో ఆ కంపెనీ కూడా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది.

ఇది చదువుతున్నవాళ్లలో అమెరికాలో ఉంటూ హోదా ఉన్నవాళ్లకు ఒక మాట. మీ గోల్డ్, ప్లాటినం కార్డు చూసి ఇండియా వచ్చే సుదూర విమానంలో ఎవరూ ఉచితంగా ముందుకు పిలవరు, ఆ ఉచిత అప్‌గ్రేడ్ ప్రధానంగా దేశంలోపలి విమానాలకు, మీకూ మీతో పాటు ప్రయాణించే ఒకరికీ. సుదూర ప్రయాణానికి పనికొచ్చేవి మైళ్లు, లేదా పై మెట్టువాళ్లకు ఏటా దక్కే ప్రత్యేక అప్‌గ్రేడ్‌లు. అమెరికన్, యునైటెడ్ ఇచ్చే అప్‌గ్రేడ్‌లను మీరు వెంట లేకపోయినా మరొకరికి వాడవచ్చు. వాటికి గడువుంటుంది, చాలామంది వాడకుండానే మురగబెడతారు. ఇంకో గీత దాటడానికి డిసెంబరులో అనవసరపు విమానం ఎక్కే బదులు, చేతిలో ఉన్నవాటిని ఈసారి అమ్మానాన్నల టికెట్టు మీద వాడండి. ఏ టికెట్టు తరగతికి అవి చెల్లుతాయో కొనకముందే ఫోన్ చేసి అడగండి.